సిగ్నల్‌ చెడగొట్టడమే పని!

మాట సగంలో తెగిపోతుంది. వీడియో గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. ‘పాడు సిగ్నల్‌!’ అని విసుక్కోనివాళ్లుండరు. కానీ ఆ పాడు సిగ్నల్‌నే కావాలని, లెక్క ప్రకారం తయారుచేసే ఇంజినీర్లున్నారు!

ఫోన్లో పంపే ఫొటో, మాట్లాడే మాట... ఏదైనా ‘ప్యాకెట్లు’ అనే చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. దూరం, గోడలు, చుట్టూ ఉండే రేడియో రొద వల్ల కొన్ని ముక్కలు దారిలోనే పోతాయి. అదే ‘ప్యాకెట్‌ లాస్‌’. ఫోన్లో డబ్బు పంపారనుకోండి. డబ్బు చేరింది, ‘చేరింది’ అన్న జవాబు మాత్రం దారిలో పోయింది. కంగారుగా మళ్లీ నొక్కితే రెండోసారి డబ్బు పోకూడదు కదా! ఆ తెలివి యాప్‌కి ఉందో లేదో ముందే పరీక్షించాలి.

చిక్కేమిటంటే, ల్యాబ్‌లో సిగ్నల్‌ నిక్షేపంగా ఉంటుంది. పోనీ ఫోను పట్టుకుని ఊరి చివరికెళ్తే, ఇవాళ ఉన్న సిగ్నల్‌ రేపుండదు. తప్పు దొరికినా, సరిదిద్దాక అదే పరిస్థితిలో మళ్లీ పరీక్షించడం కుదరదు.

గదిలోనే దూరాలు

అమెరికాలోని న్యూజెర్సీలో రట్గర్స్‌ విశ్వవిద్యాలయానికి చెందిన విన్‌ల్యాబ్‌ 2000ల మధ్యలో ‘ఆర్బిట్‌’ అనే పరీక్షా కేంద్రాన్ని నెలకొల్పింది. ఒకే హాల్లో, వరుసకి 20 చొప్పున 20 వరుసల్లో, మీటరుకొకటిగా మొత్తం 400 రేడియో పరికరాలు! అంత దగ్గరగా ఉంటే అన్నీ ఒకదాని మాట ఒకటి వినేస్తాయి. మరి దూరాన్ని ఎలా సృష్టించాలి? హాల్లోకి కృత్రిమంగా రేడియో రొదను వదిలారు. పెళ్లిలో బ్యాండుమేళం మొదలైతే పక్కవాళ్ల మాటే వినిపిస్తుంది, అవతలి వరుసలోని వాళ్లది వినిపించదు. ఇదీ అంతే. రొద పెంచేకొద్దీ పరికరాలు కదలకుండానే దూరమైపోతాయి!

మంగళవారం... నత్తనడక

రేడియోలు లేకుండానూ ఈ పని చేయొచ్చు. లినక్స్‌లో ‘నెట్‌ఎమ్‌’ అనే సాధనముంది. ‘నూటికి 5 ప్యాకెట్లు పారెయ్‌, మిగతావాటిని 300 మిల్లీసెకన్లు ఆపి పంపు’ అంటే అలాగే చేస్తుంది.

ఫేస్‌బుక్‌కి ఈ అవసరం ఆఫ్రికాలో తెలిసొచ్చింది. 2013లో అక్కడికెళ్లిన ఆ సంస్థ బృందానికి సొంత యాప్‌ నత్తలా నడిచి చుక్కలు చూపించింది. నెలకని కొన్న డేటా 40 నిమిషాల్లో ఖాళీ! ఆఫీసు వైఫైలోనే 2జీ కష్టాలు చూపించే ‘ఆగ్‌మెంటెడ్‌ ట్రాఫిక్‌ కంట్రోల్‌’ అనే సాధనాన్ని తయారుచేసి, 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. అదే ఏడాది ‘2జీ ట్యూస్‌డేస్‌’ మొదలుపెట్టింది. మంగళవారం యాప్‌ తెరిచిన ఉద్యోగులను ‘గంటసేపు 2జీ వేగంతో వాడతారా?’ అని అడిగేది. భారత్‌ లాంటి దేశాల్లో నెమ్మది నెట్‌తో నెట్టుకొచ్చేవాళ్ల అవస్థ వాళ్లకీ తెలియాలని.

ల్యాబ్‌లో పారేసే ప్రతి ప్యాకెట్టూ ఎక్కడో ఒక్క గీత సిగ్నల్‌తో ఫోను పట్టుకుని ఎదురుచూసే మనిషి కోసమే!