చకుండను ఉంచాలి, బడ చకుండను పీకాలి: పెరటి మొక్కలలో ఏది మేలు, ఏది కీడు?

తొలకరి పడిన పక్షం రోజులకే కొరాపుట్, రాయగడ జిల్లాల పల్లెలలో ఇంటి వెనుక జాగా అంతా పచ్చబడుతుంది. విత్తినవి కొన్ని, విత్తకుండా వచ్చినవి అంతకు నాలుగింతలు. బెండ, చిక్కుడు, మొక్కజొన్నల నడుమ మొలిచిన వీటన్నిటినీ కలుపు అని ఒక్క మాటతో కొట్టివేసి, బొరిగె పట్టి నేలను నున్నగా చేసే ఇళ్ళు కొన్ని. వాననీటికి పుట్టినదేదో పుట్టిందని అన్నిటినీ వదిలివేసే ఇళ్ళు మరికొన్ని. మొదటి పద్ధతిలో ఖర్చు లేకుండా దొరికే ఆకుకూర పోతుంది. రెండవ పద్ధతిలో ఏమి పోగలదో ఈ ప్రాంతం 2016లో చూసింది.

ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పసిపిల్లలు మరణించారు. మల్కన్‌గిరి పరాయి ప్రాంతమేమీ కాదు. 1992 అక్టోబరు వరకు రాయగడతో పాటు అదీ అవిభక్త కొరాపుట్ జిల్లాలో భాగమే. పిల్లలకు వాంతులు, మూర్ఛలు, వెనువెంటనే స్పృహ తప్పడం చూసి మొదట అంతా జపనీస్ మెదడువాపు జ్వరమనే భావించారు. కొందరి పరీక్షలలో ఆ వైరస్ ఆనవాళ్ళు కనిపించిన మాట వాస్తవమే. అయితే వెల్లూరుకు చెందిన వైరస్ శాస్త్రవేత్త డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వాన వచ్చిన నిపుణుల బృందం మరొక కారణాన్ని కూడా బయటపెట్టింది. కొందరు పిల్లల మూత్రంలో ఆంత్రాక్వినోన్లు అనే విషపదార్థాలు కనిపించాయి. అవి ఇళ్ళ చుట్టూ, దారుల వెంట విరివిగా పెరిగే ఒక మొక్క గింజలలో ఉంటాయి. ఒడియాలో దాని పేరు బడ చకుండ. తెలుగులో కసివింద, కసింద అంటారు.

ఇటువంటి మరణాలు ఇక్కడే మొదలు కాలేదు. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాలలో ఏటా వానలు వెనుకబట్టిన తరువాత పిల్లలు ఇలాగే చనిపోతూ ఉండేవారు. బిజ్నోర్‌లోని పిల్లల వైద్యుడు డాక్టర్ విపిన్ వశిష్ఠ, డాక్టర్ జాకబ్ జాన్ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధనలలో అది అంటువ్యాధి కాదనీ, కసివింద గింజల విషమనీ తేల్చారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతినడం దాని లక్షణం. పెద్దవారు నోట వేసుకుంటే అంతగా తెలియని మోతాదు, బక్కచిక్కిన మూడు నాలుగేళ్ళ బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఆకలితో ఉన్న బిడ్డకు చేతికందే ఎత్తులో చిక్కుడువంటి కాయ ఉంటే నోట పెట్టుకోవడంలో వింత లేదు.

పేరులోనే చిక్కు

చకుండ అనే మరొక మొక్క ఉంది. తెలుగులో తగిరిస. వానకాలంలో దాని లేత ఆకును వండుకొని తినడం ఈ జిల్లాలలో తరతరాలుగా ఉన్నదే. చకుండకు, బడ చకుండకు పేరులో తేడా ఒక్క మాటే. రెండూ ఒకే కుటుంబానివి, రెంటికీ పసుపు పూలే, రెండూ ఒకే గట్టున పక్కపక్కనే మొలుస్తాయి. తెలుగు ఇళ్ళలో ఈ చిక్కు మరికొంత ఎక్కువ. పసుపు పువ్వు, జతలు జతలుగా చిట్టి ఆకులు కనిపిస్తే తంగేడు జాతి కాబోలని మంచిమాటగా తలుస్తారు. తంగేడు వీటికి దాయాదే, కానీ తంగేడు కొమ్మకు ఎనిమిది నుంచి పన్నెండు జతల వరకు చిన్న ఆకులు ఉంటాయి, కాయ కాగితంలా పలుచగా ఉంటుంది.

మిగిలిన రెంటినీ విడదీయడానికి చదువుతో పని లేదు, కొంత ఓపిక చాలు. తగిరిసకు ఒక కాడకు మూడు జతలు, అంటే ఆరు ఆకులు ఉంటాయి. ఆకు కొన గుండ్రంగా, కొస వైపే వెడల్పుగా ఉంటుంది. కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి కిందికి వేలాడుతుంది. కసివిందకు నాలుగు నుంచి ఆరు జతల ఆకులు. ఆకు మొదట వెడల్పుగా ఉండి కొన సూదిగా తేలుతుంది. కాయ బల్లపరుపుగా, ఎండితే గోధుమరంగులో, అంచుల వెంట లేత చారతో ఉండి పైకి నిక్కి నిలుస్తుంది. ఆకును నలిపితే వెగటు వాసన. ఆ వాసన వల్లనే పశువులు సాధారణంగా దాని జోలికి పోవు, ఆ కారణంగానే అది ఇంటి గోడ పక్కన నిర్భయంగా నడుము ఎత్తు పెరుగుతుంది. ఇన్ని గుర్తులలో ఏ ఒక్కదాని మీదనో ఆధారపడరాదు. ఆకు, కాయ, వాసన మూడూ కలిసి వచ్చినప్పుడే నిర్ణయం చేయాలి. లేత మొక్కలో ఎటూ తేలకపోతే ఆ మొక్క కూరకు పనికిరాదనే అనుకోవడం క్షేమం. తగిరిసలో సైతం తినదగినది వండిన లేత ఆకు మాత్రమే. దాని గింజలను కూడా పిల్లలను నమలనీయరాదు.

కసివిందకు వైద్యంలో చోటుందని, దాని గింజలను వేయించి కొన్ని దేశాలలో కాఫీ గింజలకు బదులు వాడారని చెప్పేవారు ఉంటారు. అబద్ధం కాదు. బాగా వేపినప్పుడు విషం తగ్గుతుంది. పచ్చిగింజ నమిలే బిడ్డకు ఆ రక్షణ ఎక్కడిది? మందుమొక్క అనే గౌరవంతో దానిని పెరట్లో నిలుపుకోవలసిన అవసరం ఏ ఇంటికీ లేదు.

పీకడానికి మేలైన కాలం వినాయక చవితికి ముందే. నేల తడిగా ఉండి, పూత కాయగా మారకముందు వేరుతో సహా తేలికగా వస్తుంది. కాయ పట్టిన తరువాత పీకవలసి వస్తే మొక్కను దారిలో పారవేయకుండా కాయలను విడిగా ఏరి కాల్చివేయాలి. ఒక్క ఇల్లు శుభ్రపరిస్తే ఫలితం సగమే. బడి ప్రహరీ, అంగన్‌వాడీ చుట్టుపక్కల, బోరింగు దగ్గర ఉన్న మొక్కలను కూడా ఊరంతా కలిసి తొలగించాలి. రాలిన గింజ మరుసటి తొలకరికి మళ్ళీ మొలుస్తుంది కనుక ఇది ఒక ఏటితో ముగిసే పని కాదు.

బిడ్డ గింజలు తిన్నట్టు అనుమానం కలిగితే వాంతులు, మూర్ఛ వచ్చే వరకు ఎదురుచూడకూడదు. దీనికి విరుగుడు మందు లేదు. తొలి గంటలలో ఆసుపత్రిలో ఇచ్చే ఆధారచికిత్సే దిక్కు. 108 వాహనాన్ని పిలవాలి. వెళ్ళేటప్పుడు ఆ మొక్క కొమ్మను, కాయతో సహా, వెంట తీసుకొనిపోవడం అన్నిటికంటె ముఖ్యం. మెదడువాపు జ్వరమా, విషమా అనే సందేహం వైద్యునికి అక్కడే సగం తీరుతుంది.

తప్పక తీసివేయవలసినవి మరికొన్ని

వయ్యారిభామ గురించి తెలియని ఊరు ఇప్పుడు లేదు. ఒడియావారు దానిని గాజర్ ఘాస అంటారు, ఆకు క్యారెట్ ఆకును పోలి ఉంటుంది కనుక. 1950 దశకంలో పుణె ప్రాంతంలో గుర్తించబడి, దిగుమతి గోధుమలతో వచ్చిందని ప్రసిద్ధికెక్కి, నేడు దేశమంతటా పాకింది. చర్మానికి దురద, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. అందుచేత తెల్లపూత రాకముందే చేతులకు గుడ్డ చుట్టుకొని పీకాలి. పూతకు ముందు పీకినది ఎరువు గుంటలో వేసుకోవచ్చు. పూత వచ్చిన తరువాత వేస్తే ఎరువుతో పాటు గింజలను కూడా చేనుకు మోసినట్టే. దాని ఆకులపై నల్ల చారల చిన్న పెంకుపురుగులు మేస్తూ కనిపిస్తే వాటిని చంపరాదు. ఈ మొక్కను అణచడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పురుగులు అవి. ఇంకొక విశేషం: తగిరిస దట్టంగా పెరిగిన చోట వయ్యారిభామ అంతగా నిలదొక్కుకోలేదు. చకుండను ఉంచుకోవడానికి అది మరొక కారణం.

ఆవాలు చల్లుకొనే ఇళ్ళు బ్రహ్మదండిని ఉపేక్షించరాదు. ముళ్ళ ఆకులు, పసుపుపచ్చని పెద్దపువ్వు, విరిస్తే పసుపు పాలు దీని గుర్తులు. గింజ ఆవగింజ అంతే ఉండి అదే రంగులో ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా మరణించారు, మూడు వేల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కాళ్ళు వాచి, ఊపిరి ఆడక, గుండె దెబ్బతినే జబ్బు అది. ఆవనూనెతోనే వంట సాగే ఒడిశాలో, సొంత ఆవాలను గానుగకు తీసుకొనిపోయే కుటుంబాలు ఈ మొక్కను చేనులో కానీ కంచెలో కానీ గింజ పట్టనీయరాదు.

ఉమ్మెత్త విషయంలో కొంత మొహమాటం ఉంటుంది. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు ఉంది, శివపూజకు పువ్వు ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే దూరపు మూలన ఒక మొక్క ఉన్నా నష్టం లేదు. ఉంటే మాత్రం పండుగ నాటికి ఊరి చివరనుంచి ఆకు తెచ్చుకోవడమే మంచిది. ఆ ముళ్ళకాయలోని గింజలు మతి తప్పించగలవు, ప్రాణం కూడా తీయగలవు. లంటానా కంచెగా అక్కరకు వస్తుందని ఉంచేవారు దాని ఆకు మేసిన పశువుల కాలేయం పాడవుతుందని గుర్తించాలి.

బొరిగె తగలరానివి

ఇక ఉంచుకోవలసినవాటి సంగతి. తెలుగువారు పొన్నగంటికూర అన్నదే ఒడియావారి మదరంగా శాగ. కొళాయి నీరు పారే చోట, బావి గట్టున దానంతటదే అల్లుకుంటుంది. గలిజేరును పురుణి శాగ అంటారు. పప్పులో వేస్తే రెండు భాషల ఇళ్ళలోనూ ఒకే రుచి. నీరు నిలిచే పల్లంలో నాలుగు రేకుల ఆకుతో తేలే సునుసునియాను తెలుగు కుటుంబాలు పొరుగువారిని చూసి వండుకోవడం నేర్చాయి. పాయలకూర, చిలుకతోటకూర చెప్పనక్కరలేదు. ముళ్ళతోటకూర కూడా లేతగా ఉన్నప్పుడు కూరే, ముదిరితే ముల్లు; అది ముదరకముందే కోసుకోవాలి. పాయలకూర, గలిజేరు వంటివాటిలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక మూత్రపిండాలలో రాళ్ళున్నవారు మితంగా తినాలి. ఇన్ని కూరలు దొరికే పెరట్లో కలుపుమందు చల్లడం తెలివైన పని కాదు. చల్లిన వారమే ఇంటి పిల్లవాడు అక్కడి ఆకు తెంపి గిన్నెలో వేసుకురావచ్చు.

పరదేశపు మొక్క అనే ఒక్క కారణంతో దేనినీ పీకనక్కరలేదు, స్వదేశీ అని దేనినీ నమ్మనక్కరలేదు. మిరప, టమాట కూడా సముద్రం దాటి వచ్చినవే. వయ్యారిభామ వచ్చిన అమెరికా ఖండం నుంచే గడ్డిచేమంతి కూడా వచ్చింది. అది ఎవరికీ హాని చేయక ఏడాది పొడవునా పూస్తుంది. తుమ్మి స్వదేశీ, దాని తెల్లపూలు కార్తీకంలో శివునికి, మిగతా రోజులలో తేనెటీగలకు. కూరగా పనికిరాని ఇటువంటి పూలమొక్కలను కంచె వెంట ఒక మూరెడు వెడల్పున వదలడంలో గృహస్థుకు లాభమే ఉంది. కొరాపుట్ మెట్టభూములలో అక్టోబరు, నవంబరు నెలలలో పసుపుపచ్చగా పూచే వలిసెలు తమంతట తాము గింజ కట్టలేవు. ఒక మొక్క పుప్పొడిని మరొక మొక్కకు తేనెటీగ చేరవేయాలి. వలిసె పూత రెండు నెలలలో అయిపోతుంది, తేనెటీగకు మిగిలిన పది నెలలు కూడా ఆహారం కావాలి. కంచె వెంట వదిలిన తుమ్మి, గడ్డిచేమంతిల మధ్య ఆకులేని పసుపు తీగ, ఒడియాలో నిర్మూలి, ఎక్కడైనా చుట్టుకొని కనిపిస్తే మాత్రం దానిని అది పట్టిన మొక్కతో సహా గింజ పట్టకముందే తీసి కాల్చివేయాలి. వలిసె చేనుకు చేరిందంటే విత్తనంలో కలిసి ఏటేటా వెంటపడుతుంది.