కాకి ఎంగిలి

కాకి ఎంగిలి అనగా ఒకే తినుబండారాన్ని పిల్లలు బట్టలో చుట్టి, పంటితో కొరికి, ముక్కలు చేసి పంచుకొనే పద్ధతి. 'కాకి' పదం చివరి ఇకారం లోపించి వాడుకలో ఇది 'కాకెంగిలి' అయినది. చాకు గాని మరే పరికరం గాని అందుబాటులో లేని బడి ఆవరణలోనూ, ఆటస్థలాలలోనూ ఈ పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది.

ఎంగిలి

నోటికి తగిలిన పదార్థాన్ని, లాలాజలం అంటిన చేతిని లేదా పాత్రను, ఒకరు తినగా మిగిలిన ఆహారాన్ని తెలుగులో ఎంగిలి అంటారు. సంస్కృతంలో దీనిని ఉచ్ఛిష్టం అంటారు. కన్నడంలోని 'ఎంజలు', తమిళంలోని 'ఎచ్చిల్' దీనికి సోదర పదాలు. ఒకరి ఎంగిలి మరొకరు తినరాదన్నది ఆచారం. అందువలననే నీళ్ళు త్రాగేటప్పుడు పాత్రను పెదవులకు తగలకుండా పైకెత్తి నోటిలో పోసుకొనే అలవాటు ఏర్పడినది.

పద్ధతి

జామకాయ, మామిడికాయ, వేరుశనగ ఉండ, పిప్పరమెంటు బిళ్ళ వంటి వాటిని చొక్కా అంచులోనో, పరికిణీ చెంగులోనో ఉంచి పైనుండి కొరుకుతారు. పళ్ళు బట్టకు మాత్రమే తగులుతాయి గనుక లోపలి ముక్క ఎంగిలి కాదని పిల్లల వాదన. నిజానికి పలుచని బట్ట లాలాజలాన్ని పూర్తిగా ఆపలేదు. కావున ఆరోగ్యరీత్యా దీనిని రక్షణగా భావించరాదు.

పేరులో కాకి

కాకి తనకు ఆహారం దొరికినపుడు అరచి తోటి కాకులను పిలుస్తుందని, వాటితో కలిసి తింటుందని ప్రజలలో నమ్మకం. ఆ పంచుకొనే గుణమే ఈ పేరుకు కారణమని చెబుతారు. పక్షులు కొట్టిన పండును సాధారణంగా ఎంగిలిగా లెక్కించరు. పైగా చిలుక కొట్టిన జామపండు తియ్యగా ఉంటుందని ఇష్టంగా తింటారు. ఈ పద్ధతిని తమిళంలో 'కాక్కా కడి' (కాకి కాటు), కన్నడంలో 'కాగె ఎంజలు' అంటారు. మూడు భాషలలోనూ కాకి పేరే ఉండడం విశేషం.

వాడుక

"కాకెంగిలి చేసి పెట్టు", "నాకూ కాకెంగిలి పెట్టవా?" వంటివి పిల్లల మాటలలో వినిపిస్తాయి. పెద్దలు బాల్యస్నేహాన్ని గుర్తు చేసుకొనేటప్పుడు "కాకెంగిళ్ళు తిని పెరిగినవాళ్ళం" అనడం కద్దు. ఇక్కడ తిండికన్నా చనువే ప్రధానార్థం. కాకి, ఎంగిలి రెండూ ఉన్న "ఎంగిలి చేత్తో కాకిని తోలడు" అనే సామెత ఇందుకు పూర్తిగా వ్యతిరేకార్థంలో, అనగా చేతికంటిన మెతుకు కూడా రాలనివ్వని పిసినారిని గురించి, వాడబడుతుంది.

సామాజిక కోణం

ఎంగిలి నియమం శుభ్రతకే పరిమితం కాలేదు. ఎవరు ఎవరి చేతి తిండి తినవచ్చు, ఎవరి పాత్రలో త్రాగవచ్చు అనే కులపు కట్టుబాట్లతో అది ముడిపడినది. కొన్ని గ్రామాల టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసులు ఉంచిన రెండు గ్లాసుల పద్ధతి ఇటువంటిదే. అంటరానితనాన్ని 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణం రద్దు చేసినది. 1955 నాటి చట్టం దానిని పాటించడాన్ని శిక్షార్హమైన నేరంగా చేసినది. కాకి ఎంగిలిలో పిల్లలు పెద్దలు చెప్పిన నియమాన్ని ధిక్కరించరు. బట్టను అడ్డుపెట్టి దానిని పాటించినట్లే పాటించి, ఒకే కాయను అందరూ తింటారు. మనుషులను వేరుచేసే నియమం వారి చేతిలో కలిసి తినడానికి ఒక ఉపాయంగా మారుతుంది.