పెద్దల మాటల్లో తప్పులు: దిద్దుబాటా, రంధ్రాన్వేషణా?

మంత్రిగారో, సినిమా నటుడో, ఒక పెద్ద అధికారో వేదిక మీద తెలుగులో నాలుగు మాటలు మాట్లాడితే, ఆ మాటల్లోని విషయం కంటె వాటిలోని తప్పులే ఎక్కువ ప్రచారం పొందడం మనం తరచు చూస్తున్నాం. ‘నలుగురికీ ఆదర్శంగా ఉండవలసినవారు భాషను ఖూనీ చేస్తుంటే ఊరుకోవాలా?’ అని కొందరు అడుగుతారు. ‘చెప్పింది అర్థమయింది కదా, కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఎందుకు?’ అని మరికొందరు అంటారు. ఈ రెండు వాదాల్లోనూ కొంత న్యాయం ఉంది. అయితే ఇరుపక్షాల వారూ ‘తప్పు’ అనే మాటను ఒకే అర్థంలో వాడడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వెలుపల తెలుగు చదువుకుంటున్న మీకు ఈ చర్చతో దగ్గర సంబంధం ఉంది. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తరాలుగా తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన విద్యార్థి హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళి నోరు విప్పగానే ‘ఇదేం తెలుగు?’ అనే నవ్వు ఎదురుకావచ్చు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ విద్యార్థి ఇంగ్లీషులోకో హిందీలోకో మారిపోతాడు. మంత్రిని వెక్కిరించడానికి అలవాటుపడిన నోరే విద్యార్థినీ వెక్కిరిస్తుంది. మరోవైపు, తెలుగు బడి అందుబాటులో లేనిచోట టీవీలో వినిపించే ప్రసంగమే చాలామందికి పాఠ్యపుస్తకం. అందులోని తప్పును ఎవరూ తప్పు అనకపోతే నేర్చుకునేవారికి ఒప్పు ఎలా తెలుస్తుంది? కాబట్టి దిద్దాలా వద్దా అనే ప్రశ్న కంటె, దేన్ని దిద్దాలి, దేన్ని వదిలేయాలి అనే ప్రశ్న మనకు ముఖ్యం.

నోరు జారడం

మాట్లాడేటప్పుడు మనసు వాక్యాన్ని సిద్ధం చేస్తూ ఉంటుంది, నోరు వెంటవెంటనే పలుకుతూ ఉంటుంది. ఈ తొందరలో ఒక మాటలోని ధ్వని పక్క మాటలోకి దూకుతుంది. ‘కారు తాళం’ అనబోయి ‘తారు కాళం’ అన్న మనిషికి తెలుగు రాదని ఎవరూ అనరు. భాషాశాస్త్రంలో భాషాజ్ఞానాన్నీ, భాషాప్రయోగాన్నీ వేరుచేసి చూస్తారు. నోమ్ చోమ్‌స్కీ 1965లో ఈ భేదాన్ని స్పష్టంగా ప్రతిపాదించాడు. నోరు జారడం ప్రయోగంలో వచ్చిన లోపం. జ్ఞానంలో ఉన్న లోపం కాదు. గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడిన మనిషి ప్రసంగంలోంచి జారిన మాట ఒక్కదాన్ని కత్తిరించి పదేపదే వినిపించడం భాషాసేవ అనిపించుకోదు.

మాండలికం తప్పు కాదు

రెండో రకం ‘తప్పు’ అసలు తప్పే కాదు. ‘వచ్చినాడు’ అనే పాత రూపం కోస్తాలో ‘వచ్చాడు’ అయింది, తెలంగాణలో ‘వచ్చిండు’ అయింది. రెండూ కుదించిన రూపాలే. ఒకటి శుద్ధమనీ, మరొకటి భ్రష్టమనీ చెప్పడానికి వ్యాకరణంలో ఆధారం లేదు. రాయలసీమలో ‘ఉండాడు’ అనేవారూ, శ్రీకాకుళంలో ‘నాను’ అనేవారూ తమ ప్రాంతపు నియమం ప్రకారం మాట్లాడుతున్నారు. ప్రాచీన కావ్యభాషలో ‘ఏను’ అనే రూపం కనిపిస్తుంది కనుక, ‘నేను’ ఒక్కటే అనాదిగా వస్తున్న రూపమని వాదించడానికీ వీలులేదు.

మరి ప్రామాణిక భాష ఎక్కడినుంచి వచ్చింది? కోస్తా మధ్య జిల్లాల విద్యావంతుల వాడుక పత్రికల ద్వారా, పాఠ్యపుస్తకాల ద్వారా, సినిమాల ద్వారా అంతటా వ్యాపించి ప్రమాణంగా నిలిచింది. ఇది చరిత్ర ఇచ్చిన అవకాశమే కాని, ఆ ప్రాంతపు నోళ్ళకు వ్యాకరణం ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. ప్రమాణభాష అందరికీ ఉపయోగకరం. పరీక్షలో, పత్రికలో, ప్రభుత్వ కాగితంలో అది కావాలి. అంతమాత్రాన వేదిక మీద తన ఊరి మాట పలికిన నాయకుడు తప్పు చేసినట్టు కాదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత అక్కడ కాళోజీ నారాయణరావు పుట్టినరోజయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఇన్నాళ్ళూ నవ్వులపాలయిన ఒక మాండలికం గౌరవం కోరుకోవడం అందులో కనిపిస్తుంది.

పక్క భాష నీడ

మూడో రకం మనకు బాగా పరిచితమైనది. కర్ణాటకలో మైసూరు చాముండి కొండ మీద ఆషాఢమాసంలో జరిగే ‘చాముండేశ్వరి వర్ధంతి’ అమ్మవారి జన్మదినోత్సవం. సంస్కృతంలో ‘వృధ్’ ధాతువుకు పెరగడం అని అర్థం కాబట్టి కన్నడంవారి వాడుకలో వింత ఏమీ లేదు. తెలుగులో అదే మాట చనిపోయిన రోజుకు స్థిరపడింది. బెంగుళూరులో పెరిగిన తెలుగు వక్త ఒక మహనీయుని పుట్టినరోజును ‘వర్ధంతి’ అంటే తెలుగు సభలో నవ్వు పుడుతుంది. ఆ మాటను దిద్దవలసిందే, ఎందుకంటే వినేవారికి పూర్తిగా వేరే అర్థం అందుతుంది. కాని ఆ వక్తను అజ్ఞాని అనడం అన్యాయం. రెండు భాషల మధ్య జీవించేవారికి ఇలాంటి చిక్కులు తప్పవు.

‘అవసరం’ అనే మాటనే తీసుకోండి. తెలుగులో దానికి కావలసి ఉండడం అని అర్థం. తమిళ, కన్నడాల్లో తొందర. ఒడియాలో తీరిక, ఉద్యోగ విరమణ. అలాగే ‘ఉపన్యాసం’ మనకు ప్రసంగం, ఒడియావారికి నవల. ‘చేష్ట’ మనకు చేసే పని, ఒక్కోసారి వెకిలి పని కూడా. ఒడియాలో అది ప్రయత్నం. ఇటువంటి మాటల జాబితాను ఎవరి ప్రాంతంలో వారు తయారు చేసుకుంటే, అది వెక్కిరింతల కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

ఉచ్చారణ సంగతీ ఇంతే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. అందులో చదువుకున్న తెలుగువారి నోట ‘భాష’ ‘బాష’ అవుతుంది. ఒడియా ఉచ్చారణలో శ, ష, స మూడూ ‘స’గానే వినిపిస్తాయి, అక్కడి తెలుగువారు ‘శాంతి’ని ‘సాంతి’ అనడంలో ఆశ్చర్యం లేదు. పైగా ఒత్తి పలికే ఖ, ఘ, భ, ధ వంటి మహాప్రాణాలు సంస్కృతపదాలతోపాటు మనకు వచ్చినవి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు చెప్పిన 36 వర్ణాల్లో అవి లేవు. ‘బాష’ అన్నవారు సంస్కృత ఉచ్చారణ తప్పారు కాని, తెలుగు నోటికి ద్రోహం చేయలేదు.

భయం కనే తప్పులు

వెక్కిరింత వల్ల భాష బాగుపడుతుందని నమ్మేవారు ఒక సంగతి గమనించాలి. ఒత్తు పలకలేదని పదిమందిలో నవ్వించుకున్న మనిషి ఆ తరువాత అక్కరలేని చోట కూడా ఒత్తులు పెట్టడం మొదలుపెడతాడు. ‘సంబంధం’ ‘సంభందం’ అవుతుంది, ‘బాధ’ ‘భాద’ అవుతుంది, ‘దీర్ఘం’ ‘ధీర్ఘం’ అవుతుంది. భాషాశాస్త్రంలో దీన్ని అతిశుద్ధి అంటారు. ఒప్పు తెలియకుండా తప్పు భయం మాత్రమే మిగిలితే జరిగేది ఇదే. దుకాణాల బోర్డుల మీద, శుభలేఖల మీద కనిపించే ఇలాంటి రూపాల్లో చాలా వాటికి మూలం నిర్లక్ష్యం కాదు, అతి జాగ్రత్త.

ఇంకొన్ని దిద్దుబాట్లు కాలం చెల్లినవి. ‘ప్రాధాన్యత’, ‘ప్రాముఖ్యత’ అనకూడదని పండితులు చెబుతారు. ప్రాధాన్యం, ప్రాముఖ్యం అన్నప్పుడే భావార్థం వచ్చింది కాబట్టి మళ్ళీ ‘త’ చేర్చడం సంస్కృత వ్యాకరణం ప్రకారం పునరుక్తి. ఆ మాట నిజమే. కాని ఈ రూపాలు ఇప్పుడు పత్రికల్లోనూ ప్రసంగాల్లోనూ స్థిరపడి ఉన్నాయి. విద్యార్థి తన రాతలో ‘ప్రాధాన్యం’ అని రాస్తే మెచ్చుకుందాం. వేదిక మీద ‘ప్రాధాన్యత’ అన్నవారిని నిలదీయడం మాత్రం రంధ్రాన్వేషణే.

దిద్దవలసిన చోటు

అయితే ఏదీ దిద్దనక్కరలేదా? దిద్దవలసినవి ఉన్నాయి. మొదటిది, మాటే చట్టమయిన సందర్భం. 2015 నవంబరు 20న పాట్నాలో మంత్రుల ప్రమాణ స్వీకారం జరుగుతుండగా ఒకరు ‘అపేక్షిత’ అని చదవవలసిన చోట ‘ఉపేక్షిత’ అన్నారు. అప్పటి గవర్నరు రామ్‌నాథ్ కోవింద్ వారిచేత మళ్ళీ చదివించారు. అపేక్షించడం కోరడం, ఉపేక్షించడం పట్టించుకోకపోవడం. ఒక్క అచ్చు మారితే అర్థం తలకిందులవుతుంది. 2009 జనవరి 20న అమెరికాలో బరాక్ ఒబామా చేత ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, ‘విశ్వాసపూర్వకంగా’ అనే అర్థం గల మాటను రాజ్యాంగం పెట్టిన చోటు నుంచి జరిపి పలికారు. అక్కడ అర్థం చెడలేదు. అయినా ఏ సందేహమూ మిగలకూడదని మర్నాడు ప్రమాణం మళ్ళీ చేయించారు. ఇలాంటి చోట దిద్దుబాటు పట్టింపు కాదు, బాధ్యత.

రెండోది, అర్థం మారే సందర్భం. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ‘కళ’ వేరు, ‘కల’ వేరు. మాటల్లో సందర్భాన్ని బట్టి సర్దుకోవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వులో, శిలాఫలకం మీద, పాఠ్యపుస్తకంలో అలా సర్దుకోలేం. అచ్చయిన తప్పును రాసినవారే కాక సరిచూసినవారూ వదిలేశారన్నమాట. కనుక అక్కడ గట్టిగా అడగడం న్యాయం. మూడోది, భాషే వృత్తిగా ఉన్నవారి విషయం. వార్తలు చదివేవారు, ఉపాధ్యాయులు, పత్రికా రచయితలు, అనువాదకులు సరైన మాటకే జీతం తీసుకుంటున్నారు. వారి నుంచి మనం కోరే ప్రమాణాన్ని ఒక సర్పంచి నుంచో, క్రీడాకారిణి నుంచో కోరడం ధర్మం కాదు.

గిడుగువారు చూపిన దారి

పెద్దల భాషలో తప్పులు ఎత్తిచూపడంలో మన చరిత్రలో గిడుగు వెంకట రామమూర్తి (1863–1940)ని మించినవారు అరుదు. ఆయన దీర్ఘకాలం ఉపాధ్యాయులుగా పనిచేసిన పర్లాకిమిడి 1936లో ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అంటే ఆయన పోరాటం పుట్టిన ఊరు ఈనాడు మనలాగే రాష్ట్రానికి వెలుపలి ఊరు. బడిపిల్లలు గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనలను ఆయన ముందు పెట్టుకొని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే వాటిలో ఎన్ని దోషాలున్నాయో లెక్కతీశారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అలాంటి పరీక్షే.

పైకి చూస్తే ఇది కూడా రంధ్రాన్వేషణలాగే కనిపిస్తుంది. తేడా మూడు చోట్ల ఉంది. ఆయన దిద్దినది ఇతరులను శాసించే స్థానంలో ఉన్నవారిని. కొలిచినది వారి కొలబద్దతోనే. కోరినది వారి పరాభవం కాదు. పండితులే పాటించలేని నియమాన్ని పిల్లల నెత్తిన పెట్టవద్దని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, ఆ సభలోనే ఒక వక్త యాసను చూసి నవ్వుకుంటే ఆయన ఎవరి పక్షాన నిలిచారో మరచిపోయినట్టే.

కాబట్టి ఎవరి మాటనయినా దిద్దబోయేముందు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆ మాట వల్ల అర్థం గాని, చట్టం గాని, నేర్చుకునేవారి చదువు గాని చెడుతున్నదా? ఆ మాటను సరిగా పలకడం ఆ మనిషి బాధ్యతల్లో ఉన్నదా? మనకు ఇష్టమైన నాయకుడు అదే మాట అంటే అప్పుడూ దిద్దుతామా? మూడో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వస్తే, మనం దిద్దుతున్నది భాషను కాదు, మనిషిని.

విద్యార్థులకు ఒక్క మాట. ప్రామాణిక రూపాలను శ్రద్ధగా నేర్చుకోండి. అవి మీకు ఉద్యోగంలోనూ రచనలోనూ పనికివస్తాయి. కాని వాటికోసం ఇంటి మాటను వదులుకోనక్కరలేదు. మీ అవ్వ అనే ‘ఉండాడు’ పక్కన ‘ఉన్నాడు’ను చేర్చుకోండి. ఎవరయినా మిమ్మల్ని దిద్దితే కారణం అడగండి. కారణం చెప్పగలిగినవారి దగ్గర నేర్చుకోండి. చెప్పలేక నవ్వినవారి కోసం మాత్రం తెలుగు మాట్లాడడం మానకండి. తప్పు మాటను ఎప్పుడయినా దిద్దుకోవచ్చు. మాట్లాడడమే మానేసిన ఇంట్లో దిద్దడానికి ఏమీ మిగలదు.