తల్లి రొయ్య పుట్టిల్లు

జువ్వలదిన్నెలో మా చెల్లెలింటి రొయ్యల చెరువు మొదటిసారి చూసినప్పుడు, "పంటంతా అమెరికా వెళుతుంది అన్నయ్యా" అంది గర్వంగా. నిజానికి ఆ రొయ్య పుట్టిల్లూ అదే!

1994లో సోకిన తెల్లమచ్చ తెగులు మన టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో ప్రభుత్వం తెగులులేని వెనామీ తల్లి రొయ్యల దిగుమతికి అనుమతించింది. హవాయి వంటి చోట్ల నుంచి విమానంలో దిగి, చెన్నైలో పరీక్షలు దాటితేనే అవి హేచరీ చేరేది. వాటి పిల్లలే మన ఎగుమతికి మళ్ళీ ఊపిరి పోశాయి.

దిగుమతంటే డబ్బు దండగనుకునేవాణ్ణి. మన తలుపు తెరిస్తేనే మన సరుకు బయటికి వెళ్ళిందన్నమాట! కాని ఎదుటివారి తలుపు మన చేతిలో లేదే! 2025లో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక మళ్ళీ వెళ్ళాను. చెల్లెలి బంగారు గాజులు తాకట్టులో ఉన్నాయి.

"తల్లిని పంపినవాళ్ళు పిల్లల్ని రానివ్వరా అన్నయ్యా?" అంది.

ఏం చెప్పను?