బొడేషస్ : ఎనిమిది సెకన్ల బరిలో ఒక ఆబోతు

మానవుని ప్రగతిలో పశువుకు గల స్థానం సామాన్యమైనది కాదు. దుక్కి దున్నడానికి, బరువులు లాగడానికి తోడ్పడిన పశువు కాలక్రమంలో మనిషి వినోదాలలోనూ భాగస్వామి అయింది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు మనకు సుపరిచితాలే. ఇటువంటి సంబంధమే అమెరికాలో ‘రోడియో’ అనే క్రీడకు జన్మనిచ్చింది. పరుగెత్తే దూడను తాడు వేసి పట్టడం, మచ్చిక కాని గుర్రాన్ని లొంగదీయడం ఒకప్పుడు అక్కడి పశువుల కాపరుల నిత్యకృత్యాలు. అవే క్రమంగా బహుమతులతో కూడిన పోటీలుగా మారాయి. వీటిలో మిక్కిలి ప్రమాదకరమైనది ఆబోతు స్వారీ. ఈ క్రీడలో మనిషితో సమానంగా ఆబోతు కూడా కీర్తి గడిస్తుంది. అట్లా కీర్తి గడించి, ఆ కీర్తి శిఖరం మీద ఉండగానే బరి నుండి తప్పించబడిన ఆబోతు బొడేషస్.

పోటీ నియమాలు

ఆబోతును ముందుగా ఇరుకైన కంచె గదిలో నిలుపుతారు. దాని ముందుకాళ్ల వెనుక, ఛాతీ చుట్టూ ఒక మోకు బిగిస్తారు. స్వారీ చేసేవాడు తోలు తొడుగు వేసుకున్న ఒక్క చేతితోనే ఆ మోకును పట్టుకోవాలి. రెండవ చేయి ఆబోతుకు గానీ తన శరీరానికి గానీ తగలకూడదు. ద్వారం తెరుచుకున్న తరువాత ఎనిమిది సెకన్లపాటు పడిపోకుండా నిలిస్తేనే అతనికి మార్కులు లభిస్తాయి. మొత్తం నూరు మార్కులలో సగం అతని నైపుణ్యానికి, సగం ఆబోతు ప్రతాపానికి కేటాయిస్తారు. అది ఎంత ఎత్తుకు ఎగిరింది, వెనుక కాళ్లను ఎంత బలంగా విదిలించింది, ఎంత వేగంగా గిరగిర తిరిగింది, దిశను ఎట్లా మార్చింది అనే అంశాలను న్యాయనిర్ణేతలు పరిశీలిస్తారు. సాధువైన ఆబోతు మీద ఎంత చక్కగా కూర్చున్నా గొప్ప మార్కులు రావు. బలమైన ప్రత్యర్థి లేనిదే గొప్ప విజయం లేదన్న సత్యం ఈ నియమంలోనే ఇమిడి ఉంది. ఏ ఆబోతు ఎవరికి వస్తుందో చీటీల ద్వారా నిర్ణయమవుతుంది.

వంశం, ఆకారం

బొడేషస్ 1988లో ఓక్లహోమా రాష్ట్రంలో జన్మించింది. ఫ్రాన్సు దేశపు షారోలె జాతికి, అమెరికాలో రూపొందిన బ్రాహ్మన్ జాతికి చెందిన సంకర సంతానం అది. ఈ బ్రాహ్మన్ జాతి మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. 19వ శతాబ్ది మధ్యకాలం నుండి 20వ శతాబ్ది తొలి దశకాల వరకు అమెరికాకు చేరిన ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ జాతుల పశువుల నుండే అది రూపుదిద్దుకుంది. మూపురం, వేలాడే గంగడోలు, ఎండకు తాళగల శక్తి ఆ జాతికి వారసత్వంగా వచ్చిన లక్షణాలు. లేత పసుపు వన్నెతో మెరిసే బొడేషస్ బరువు సుమారు 1900 పౌండ్లు, అనగా 860 కిలోలకు పైమాటే. టెక్సాస్ రాష్ట్రానికి చెందిన శామీ ఆండ్రూస్ దానికి యజమాని. రోడియోలకు పశువులను సమకూర్చడం అతని వృత్తి.

బరిలో ప్రతాపం

బొడేషస్ బలానికి వేగం తోడైంది. ద్వారం తెరుచుకున్న మరుక్షణమే అది వెనుక భాగాన్ని ఎంతో ఎత్తుకు లేపేది. అట్లా లేచినపుడు సమతూకం కోసం స్వారీ చేసేవాడు ముందుకు వంగుతాడు. ఇది ఆ విద్యలో అందరూ నేర్చుకొనే మొదటి పాఠం. సరిగ్గా అదే సమయంలో బొడేషస్ తన తలను వెనుకకు విసిరేది. వంగిన మనిషి ముఖమూ పైకి లేచిన ఆబోతు తలా ఒకదానినొకటి ఢీకొనేవి. ప్రాణాన్ని కాపాడవలసిన విద్యే అక్కడ ప్రాణాపాయంగా మారింది. దానిపై జరిగిన 135 స్వారీ ప్రయత్నాలలో 127 సార్లు మనిషే కింద పడ్డాడు. 1994, 1995 సంవత్సరాలలో అది వృత్తి రోడియో సంఘం వారి ‘ఉత్తమ ఆబోతు’ గౌరవాన్ని పొందింది.

దానిని జయించినవారు లేకపోలేదు. టఫ్ హెడ్‌మన్ అనే యోధుడు 1993లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఎనిమిది సెకన్లు నిలిచి 95 మార్కులు సాధించాడు. 1986, 1989, 1991 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచిన మేటి అతడు.

1995 : కీలకమైన సంవత్సరం

1995 అక్టోబరులో లాస్ వేగస్‌లో జరిగిన పోటీలో హెడ్‌మన్‌కు మళ్లీ బొడేషస్ ఎదురైంది. ఈసారి ఆబోతు తల అతని ముఖాన్ని బలంగా తాకింది. ముఖంలోని ప్రధానమైన ఎముకలు చితికిపోయాయి. శస్త్రచికిత్సలతో వైద్యులు ఆ ముఖాన్ని తిరిగి నిర్మించవలసి వచ్చింది.

కొద్ది వారాలకే, డిసెంబరులో, అదే నగరంలో జాతీయ రోడియో పోటీలు జరిగాయి. హెడ్‌మన్ అందులోనూ పాల్గొన్నాడు. చీటీలో అతనికి వచ్చినది బొడేషస్సే. ద్వారం తెరుచుకున్నది. హెడ్‌మన్ దానిమీద స్వారీ చేయక, ఆబోతును ఒంటరిగా బరిలోకి వదిలివేశాడు. టోపీ ఎత్తి దానికి మర్యాద తెలిపాడు. ఆ స్వారీకి అతనికి మార్కులు రాలేదు. అయినను అతనిని పిరికివాడన్నవారు లేరు. ఎన్నడూ వెనుదిరగనివాడు ఆలోచించి వెనుదిరిగితే అది వివేకమే అవుతుంది.

ఆ పోటీలలోనే స్కాట్ బ్రెడింగ్ అనే మరొక యువకుడు ముఖానికి రక్షణ కవచం ధరించి బొడేషస్‌ను ఎక్కాడు. కవచం కూడా అతనిని కాపాడలేకపోయింది. ముక్కు, కంటి చుట్టూ ఉండే ఎముక విరిగాయి.

యజమాని నిర్ణయం

మరునాడే శామీ ఆండ్రూస్ బొడేషస్‌ను పోటీల నుండి విరమింపజేశాడు. అప్పటికి దాని వయస్సు ఏడేళ్లు. దేహదారుఢ్యం తగ్గలేదు; కీర్తి పరాకాష్ఠలో ఉంది. దానిని చూడటానికి జనం టిక్కెట్లు కొనేవారు. మరికొన్నేళ్లు తిప్పి ఉంటే యజమానికి ధనం వచ్చేదే. కాని ఏదో ఒక రోజున ఒక యువకుని ప్రాణం పోతుందని అతడు గ్రహించాడు. ఆటకు అందం సమఉజ్జీల పోరులో ఉంది. ఒకరికి మరణం తప్పదన్నంతగా పరిస్థితి మారినపుడు అది ఆట కాజాలదు.

విశ్రాంత జీవితంలో బొడేషస్ సంతానోత్పత్తికి ఉపయోగపడింది. 1999లో రోడియో కీర్తిమందిరంలో దానికి స్థానం లభించింది. మూత్రపిండాలు చెడి 2000 మే నెలలో అది మరణించింది.

ఆలోచించవలసిన విషయం

ఆబోతు ఎగిరి గంతులు వేయడానికి దాని తొడల ముందు భాగంలో ఒక పట్టీ కడతారు. అది మెత్తని తాడేనని, హాని చేయదని, ఎగరడం ఆ వంశాల సహజ లక్షణమని నిర్వాహకులు అంటారు. పశువును అసౌకర్యానికి గురిచేసి వినోదం పొందడం తగదని జీవకారుణ్య సంఘాలు వాదిస్తాయి. క్రూరమైన సాధనాలతో పశువును రెచ్చగొట్టి స్వారీ చేయడాన్ని బ్రిటన్ 1934లోనే చట్టం ద్వారా నిషేధించింది. ఈ వివాదం ఇప్పటికీ సమసిపోలేదు.

పందెంలో దిగాలో వద్దో మనిషి తానే నిర్ణయించుకోగలడు. హెడ్‌మన్ ఆ స్వేచ్ఛను వినియోగించుకున్నాడు. పశువుకు ఆ అవకాశం లేదు. దాని తరఫున నిర్ణయం మనిషే తీసుకోవాలి. బొడేషస్ మనిషిని 127 సార్లు పడగొట్టిన లెక్క దాని బలాన్ని తెలుపుతుంది. లాభాన్ని విడిచి దానిని బరి నుండి తప్పించిన నిర్ణయం మాత్రం మనిషి బాధ్యతను తెలుపుతుంది.