ఆంటిగని

గ్రీసు దేశంలో ఉన్నత మాధ్యమిక విద్య మూడేళ్లు. రెండవ ఏట అక్కడి విద్యార్థులు సోఫోక్లిస్ రచించిన ‘ఆంటిగని’ అనే విషాదాంత నాటకాన్ని ప్రాచీన గ్రీకు మూలంలోనే చదువుతూ వస్తున్నారు. వారు నేడు మాట్లాడే భాషకు ఆ మూలం చాలా దూరం. ప్రతి పదానికీ అర్థం, వ్యాకరణం తెలుసుకుంటూ సాగాలి. ఇంత శ్రమకోర్చి చదవదగినది అందులో ఏముంది?

సోఫోక్లిస్ క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ కవి. ఆయన నాటకాలు 120కి పైబడినా సమగ్రంగా లభిస్తున్నవి 7 మాత్రమే. ‘ఆంటిగని’ సుమారు క్రీ.పూ. 441 నాటిది. ఆనాడు ఇటువంటి నాటకాలను డయోనిసస్ దేవుని ఉత్సవాలలో ఆరుబయట ప్రదర్శించేవారు. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించేవారు.

థీబ్స్ సింహాసనం కోసం సోదరులిద్దరు పోరాడి ఒకరి చేతిలో ఒకరు మరణిస్తారు. వారి మేనమామ క్రియాన్ రాజవుతాడు. నగరాన్ని కాపాడిన ఇటియోక్లిస్‌కు గౌరవంగా అంత్యక్రియలు జరిపిస్తాడు. పరాయి సేనతో దండెత్తి వచ్చిన పాలినైసిస్ శవాన్ని ఖననం చేసినవారికి మరణదండన తప్పదని శాసిస్తాడు. మృతుల సోదరి ఆంటిగని ఆ శాసనాన్ని ధిక్కరించి శవంపై మట్టి చల్లుతుంది. పట్టుబడినప్పుడు చేసిన పనిని దాచదు. ఆమె తన కుమారుడు హీమన్‌కు కాబోయే భార్య అయినా, క్రియాన్ ఆమెను సజీవంగా గుహలో బంధింపజేస్తాడు.

ఇక్కడ తీర్పు చెప్పడం సులభం కాదు. యుద్ధం ముగిసిన వెంటనే శాసనాన్ని సడలిస్తే రాజ్యం నిలవదని క్రియాన్ వాదన. మృతులకు చేయవలసిన కర్మ దైవశాసనమనీ, దానిని రాజు రద్దు చేయలేడనీ ఆంటిగని వాదన. ప్రజలు ఆమెపట్ల జాలిపడుతున్నారనీ, ఇతరుల మాట కూడా వినవలసిందనీ హీమన్ వేడుకున్నా తండ్రి వినడు. అంధుడైన ద్రష్ట టైరీసియస్ హెచ్చరించిన తరువాత గాని అతని మనసు మారదు. ముందుగా శవాన్ని ఖననం చేయించి, పిమ్మట గుహకు వెళ్తాడు. అప్పటికే ఆంటిగని ఉరివేసుకొని ఉంటుంది. హీమన్, అతని తల్లి యూరిడిసి కూడా ప్రాణాలు తీసుకుంటారు.

విషాద నాయకుడు దుర్మార్గుడు కాడనీ, ఒక పొరపాటు వల్ల పతనమవుతాడనీ అరిస్టాటిల్ వివరించాడు. క్రియాన్ పొరపాటు శాసించడమా, వినకపోవడమా అన్నది విద్యార్థులు ఆలోచించవలసిన ప్రశ్న.

దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైలులో రాజకీయ ఖైదీలు ఈ నాటకాన్ని ప్రదర్శించినప్పుడు నెల్సన్ మండేలా క్రియాన్ పాత్ర ధరించాడు. అన్యాయమైన శాసనాలను ఎదిరించి శిక్ష అనుభవిస్తున్నవాడు శాసనకర్త పక్షాన మాట్లాడవలసి వచ్చింది. ఎదుటివారి వాదాన్ని వారి స్థానంలో నిలిచి వినడం, ఆ తరువాతనే తీర్పు చెప్పడం ఈ నాటకం నేర్పే పాఠం.