బోరు ఎవరిది? నీళ్లు ఎవరివి?

నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది నల్లగొండ జిల్లాలో. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది ఉమ్మడి పాలమూరు నేల మీద. అయినా ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి పండుతుంటే, మునుగోడు, దేవరకొండ మెట్ట రైతు ఏళ్ల తరబడి బోరునే నమ్ముకున్నాడు. ఈ కరువును వాన లెక్కలతో చెప్పడం అందరికీ అలవాటైంది. మేము అడుగుతున్నది ఇంకో ప్రశ్న: ఉన్న నీళ్లు దళితుల చెలక దాకా ఎందుకు రావడం లేదు?

తూము దగ్గర మనిషి

చెరువు తూము తీసి మడి మడికీ నీళ్లు పంచే నీరటి పని తెలంగాణలో చాలా ఊళ్లలో దళితులదే. రాత్రి కాపలా వాళ్లది, కూలి కింద దక్కేది మేర గింజలు. తూము కింది తరి భూమి మాత్రం ఎక్కువగా పై కులాల చేతుల్లో ఉండేది. సర్కారు భూములు పంచినప్పుడు దళితులకు వచ్చిన లావుణి పట్టాల్లో ఎక్కువ భాగం గుట్టల పక్కన, రాళ్ల నేలల్లో ఉన్న ఖుష్కి భూములే.

2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీస్తే నీళ్లు నిలుస్తాయి, చుట్టుపక్కల బావులు ఊరుతాయి. ఆ మేలును కాదనలేం. కానీ చెరువు నీళ్లు పల్లానికే పారతాయి. ఆయకట్టులో గుంట భూమి లేనివాళ్లకు ఆ నీళ్లలో వాటా ఏది?

బోరు జూదం

మిగిలింది బోరు. ఇక్కడ కింద ఉన్నది గ్రానైటు రాయి. పైపొర దాటితే రాతి పగుళ్లలోనే నీళ్లుంటాయి. ఒక చెలకలో పడ్డ బోరు పక్క చెలకలో పడకపోవచ్చు. నాలుగు బోర్లు ఎండినా ఐదోది వేయగల రైతుకు ఇది నష్టం. ఒక్క బోరుకే అప్పు చేసిన రైతుకు ఇది బతుకు ముగింపు.

చట్టం కూడా ఉన్నవాడి పక్షమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం భూమి ఎవరిదో దాని కింది నీళ్లు తోడుకునే హక్కు వారిదే. 2004లో వచ్చిన ఉచిత కరెంటు బోరు ఉన్నవాడికే పనికొచ్చింది. 2002 వాల్టా చట్టం కింద భూగర్భజలం మితిమీరి తోడేసిన ప్రాంతంగా ప్రకటించిన చోట కొత్తగా సాగు బోరు వేయకూడదు. నీళ్లను కాపాడాల్సిందే. అయితే ముందు తోడినవాళ్ల మోటార్లు నడుస్తూనే ఉంటాయి, ఆలస్యంగా భూమి దక్కినవాళ్లకే తలుపు మూసుకుంటుంది. ఆ ఆలస్యానికి కారణం కులం.

పంచుకున్న అనుభవం

దారి లేదా అంటే, ఉంది. 1995లో మొదలైన ఏపీవెల్ పథకం నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా 7 జిల్లాల్లో 3 వేలకు పైగా బోర్లు వేసింది. ఒక్కో బోరు నలుగురైదుగురు చిన్న, సన్నకారు రైతులు కలిసి వాడుకునేది. దాని తర్వాత ఏపీఎఫ్ఏఎంజీఎస్ అవే జిల్లాల్లో రైతులకు వానను, బావి నీటిమట్టాన్ని కొలవడం నేర్పింది. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క వేసుకునేవారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లడం ఆ లెక్క నుంచే వచ్చింది.

ఆ లెక్కలో ఒక గడి చేర్చాలని మేము అంటున్నాం. ఊళ్లో మొత్తం బోర్లెన్ని? అందులో దళితులవి ఎన్ని? ఆయకట్టులో దళితుల వాటా ఎంత? వీటిని సమాచార హక్కు కింద అడగవచ్చు, గ్రామసభలో నిలదీయవచ్చు. ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో నీటి పనులు చేయించుకునే వీలు ఉపాధి హామీ ఇచ్చింది. ఆ పద్దు కింద మన ఊళ్లో ఎన్ని బావులు, ఫారం పాండ్లు తవ్వారో రికార్డుల్లో వెతకాలి.

మహాడ్ చవదార్ చెరువు దగ్గర 1927లో అంబేడ్కర్ అడిగింది దోసెడు తాగునీళ్లు. పాలమూరు, నల్లగొండల్లో నేటి ప్రశ్న సాగునీళ్లది. భూమి పట్టా ఇచ్చి నీళ్లు ఇవ్వకపోతే చేతికొచ్చేది కాగితమే.